గ్రాఫిక్స్ కార్డుకు బారసాల

మా ఊళ్లో ఇద్దరు సుబ్బయ్యలుంటే ఒకాయన పొట్టి సుబ్బయ్య, ఇంకొకాయన పొడుగు సుబ్బయ్య. ఉత్తరం ఎవరికివ్వాలో పోస్ట్‌మ్యాన్‌కి ఏనాడూ తికమక రాలేదు. కంప్యూటర్లో ఆటల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుల్ని చేసే లక్షల కోట్ల డాలర్ల కంపెనీ ఎన్విడియాకి మాత్రం ఈ విద్య ఇంకా అబ్బలేదు.

కంప్యూటర్ సామాన్లమ్మే బెంగళూరు ఎస్పీ రోడ్డుకి వెళ్లి "ఆర్‌టీఎక్స్ 3050 ఉందా?" అని అడిగి చూడండి. షాపాయన ముందు "బడ్జెట్ ఎంత సార్?" అంటాడు. అది అక్కడి నమస్కారం. ఆ తర్వాత "ఏ 3050?" అంటాడు. 2022లో వచ్చిన 3050కి 8 జీబీ మెమరీ, లెక్కలు చేసే కోర్లు 2560. 2024లో అదే పేరుతో దిగినదానికి 6 జీబీ, 2304 కోర్లు. మెమరీ వెళ్లే దారి కూడా 128 బిట్ల నుంచి 96కి చిక్కిపోయింది. పెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించేది మాత్రం ఆ జీబీల తేడా ఒక్కటే.

మా అక్క కొడుకు కంప్యూటర్ 2017 నాటిది. ఐ5-7400 ప్రాసెసర్, చిన్న పవర్ సప్లై, అందులో గ్రాఫిక్స్ కార్డుకి తగిలించే వైరే లేదు. పాత 1050 కార్డు కాలిపోయింది. "మామా, ఏది కొనాలి?" అన్నాడు. కార్డు గుచ్చే మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే బతికే కార్డు కావాలి. 6 జీబీ 3050కి 70 వాట్లు చాలు, చాలా మోడళ్లకి వేరే వైరు అక్కర్లేదు. ఇలాంటి పాత డబ్బాలకి నిజంగా మంచి కార్డు. నా ఏడుపంతా అదే! మంచి కార్డుకి అరువు పేరెందుకు? 3040 అని పెడితే ఎవరి సొమ్ము పోయేది? ఎవరో చెప్పారని పేరు చూసి 8 జీబీది తెచ్చుకున్నవాడి గతేంటి? దానికి 130 వాట్లు కావాలి. వైరు పెట్టే చోటు కార్డుకి ఉంటుంది, పెట్టడానికి వైరు ఇంట్లో ఉండదు.

ఎన్విడియా ఆఫీసున్న శాంటాక్లారాలో ఆ 6 జీబీ కార్డు బారసాల ఎలా జరిగి ఉంటుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఉయ్యాల్లో పసిగుడ్డు, పళ్లెంలో బియ్యం. మార్కెటింగ్ మేనమామ ఉంగరంతో 3050 అని రాయబోతాడు.

"అయ్యో, ఆ పేరు వీడి అన్నకి పెట్టేశాం కదా!" అంటుంది ఇంజినీరు అమ్మమ్మ.

"పెడితే ఏం? అన్నకి రివ్యూలున్నాయి. అవి వీడికీ పనికొస్తాయి."

"వీడికి అంత సత్తువ లేదు నాయనా."

"సత్తువ ఎవరు చూస్తారమ్మా? పేరు చూస్తారు."

పంతులుగారు గోత్రం అడుగుతారు. యాంపియర్, అంటే ఆ చిప్పుల వంశం. నక్షత్రం? త్రైమాసిక ఫలితాలు. దివ్యంగా ఉంది, చెవిలో మూడుసార్లు చెప్పండి! అక్షింతలు పడతాయి, భోజనాలకి లేస్తారు. పులిహోర దగ్గర ఎవరో 3060 బారసాల గుర్తుచేస్తారు. (అదీ ఇంతే. 12 జీబీది ఒకటి, 8 జీబీది ఇంకోటి.)

ఎన్విడియాకి పోటీ కంపెనీ ఏఎండీవాళ్లు సత్యహరిశ్చంద్రులని కాదు. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే పీసీఐ లేన్లు, అంటే మదర్‌బోర్డుతో మాట్లాడే దారులు. మా వాడిదిలాంటి పాత మదర్‌బోర్డులో పెడితే ఆ దారుల వేగం సగానికి పడిపోతుంది. కానీ పేరు ఎవరి దగ్గరా దొంగిలించలేదు.

ఎన్విడియాకి కార్డు పేరు మార్చడం చేతకాదా అంటే, చేతనవును. 2022 సెప్టెంబర్‌లో 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించారు. ఒకటి 16 జీబీ, ఇంకోటి 12 జీబీ, లోపలి చిప్పులే వేరు. అందరూ దుమ్మెత్తిపోశారు. అక్టోబర్‌లోనే చిన్నదాన్ని వెనక్కి తీసుకున్నారు. 2023 జనవరిలో అదే 4070 టీఐ అయి వచ్చింది. మొదట 899 డాలర్లకి ప్రకటించిన కార్డు మరి, కొనేవాళ్ల గొంతు గట్టిగా వినిపిస్తుంది.

మరి ఎన్విడియావాళ్ల చౌక కార్డు జీటీ 1030 సంగతో? 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, సెకనుకి 48 జీబీ వేగం. 2018లో అదే పేరుతో డీడీఆర్4 పెట్టి అమ్మారు, వేగం 17కి తక్కువ. మూడో వంతు! దానికి రెండో బారసాల జరగలేదు. ఎందుకంటే అది కొనేది ఎవరు? మారతహళ్లి పీజీలో ఉంటూ రాత్రిళ్లు ఫుడ్ డెలివరీ చేసి, నెలల తరబడి కూడబెట్టిన కుర్రాడు. వాడు రివ్యూ చూశాడు, పేరు గుర్తుపెట్టుకున్నాడు, వచ్చి డబ్బు కట్టాడు. ఇంటికెళ్లి ఆట పెడితే బొమ్మ నత్తలా పాకుతుంది. తప్పు తన కంప్యూటర్‌దే అనుకుంటాడు. ఇంత సిగ్గులేని పని చేసి మీకు మిగిలిందెంత? వాడి జేబులో చెయ్యి పెట్టకపోతే మీ కంపెనీ మునిగిపోయేదా?

అందుకే 1030 కొనేవాళ్లు డబ్బు తీసేముందు పెట్టె తిప్పి, మెమరీ ఏదో చదవండి. డీడీఆర్4 అని ఉంటే కౌంటర్ మీద పెట్టేయండి. "రెండూ 1030యే సార్" అంటాడు షాపాయన. పాపం, అతను అబద్ధమేమీ చెప్పట్లేదు.