మతపెద్దలు టీకాలకు అడ్డమా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మతపెద్దలు ఎక్కడైనా, ఎప్పుడైనా టీకాలకు అడ్డుపడేవాళ్లేనట, నైజీరియానే సాక్ష్యమట, జనం వద్దనేది మతం వల్లేనట, కాబట్టి బతిమాలడం మానేసి టీకా వేయించని ఇంటికి రేషన్ ఆపేయాలట. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని ముందుకు తోస్తున్నారు, అందుకే ఒక్కో మాటకీ జవాబు చెప్తున్నాను.

"ఎప్పుడూ అడ్డే" అన్నది మన దేశంలో పోలియో ఎలా పోయిందో తెలియక అంటున్న మాట. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులొస్తే అందులో 1,242 ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. పశ్చిమ యూపీలోని ముస్లిం బస్తీల్లో, చుక్కలు వేయిస్తే పిల్లలకు రేపు సంతానం కలగదన్న పుకారు బలంగా ఉండేది. అప్పుడు యునిసెఫ్ అక్కడి ఆడవాళ్లనే కార్యకర్తలుగా పెట్టింది, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా లాంటి సంస్థలూ, స్థానిక ఇమామ్‌లూ కలిసొచ్చారు. మసీదు మైకులో పోలియో రోజు గురించి చెప్పేవారు. టీమ్ ఇంటింటికీ తిరిగి గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేది: పిల్లలందరికీ చుక్కలు పడితే 'పి', ఒక్కరికి పడకపోయినా 'ఎక్స్'. ఆ ఎక్స్ ఇళ్లకే మళ్లీ వెళ్లేవారు, ఈసారి ఇమామ్‌నో, ఆ వీధిలో పదిమంది మాట వినే పెద్దమనిషినో వెంటబెట్టుకుని. యూపీలో చివరి కేసు 2010 ఏప్రిల్‌లో, దేశంలోనే చివరిది 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో. అంతా ఇమామ్‌ల గొప్పేనని నేననను, 2010లో వచ్చిన బైవేలెంట్ టీకా, అంటే రెండు రకాల పోలియో వైరస్‌ల మీద పనిచేసే టీకా, దాని పాత్ర చాలా పెద్దది. కానీ తలుపు తీస్తేనే కదా ఆ చుక్క పిల్లాడి నోట్లో పడేది!

ఇక మతం వల్లే వద్దన్నారన్న మాట. పశ్చిమ యూపీ బస్తీల్లో తల్లులు అడిగిన ప్రశ్నలు వేరు. మా వీధిలో మురుక్కాలవ పొంగుతుంటే ఎవరూ రారు, బిడ్డకి విరేచనాలైతే మందివ్వరు, మరి ఈ రెండు చుక్కల కోసం మాత్రం మాటిమాటికీ ఎందుకొస్తున్నారు? న్యాయమైన అనుమానమే కదా. దీనికి మతగ్రంథాలతో పనేముంది? అందుకే తర్వాత పోలియో పనితో పాటు ఓఆర్ఎస్, జింక్, చేతులు కడుక్కోవడం లాంటివి కూడా చేర్చారు.

నైజీరియా సంగతి దాచను. 2003లో ఉత్తర నైజీరియాలోని కానో రాష్ట్రంలో మతనాయకులు పోలియో టీకా ఆపమన్నారు, ఆ రాష్ట్ర ప్రభుత్వం ఆపింది, అక్కడి పోలియో వైరస్ సుమారు 20 దేశాలకు పాకింది. చాలా పెద్ద తప్పు అది. అయితే ఆ ఉద్యమంలో ముందున్నవాళ్లలో ఒకాయన స్వయంగా డాక్టర్. పైగా 1996లో అదే కానోలో ఫైజర్ కంపెనీ మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) వచ్చిన పిల్లల మీద ట్రోవాన్ అనే మందు పరీక్షించింది. ఆ పరీక్షలో ఉన్న 11 మంది పిల్లలు చనిపోయారు, తల్లిదండ్రుల అనుమతి సరిగ్గా తీసుకోలేదని కేసులు నడిచాయి. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2004లో, ముస్లింలు ఎక్కువగా ఉన్న ఇండోనేషియాలో తయారైన టీకా తెచ్చాక బహిష్కరణ ఆగింది, తర్వాత సొకోటో సుల్తాన్, అంటే అక్కడి ముస్లింలకు పెద్దదిక్కు, తానే ముందు నిలబడి టీకాకు మద్దతిచ్చాడు. 2020 ఆగస్టులో ఆఫ్రికాలో సహజ పోలియో వైరస్ (టీకా నుంచి పుట్టినది కాక, ప్రకృతిలో ఉండేది) ఇక లేదన్న గుర్తింపు వచ్చింది. ఫార్వర్డ్‌లో ఈ సగం ఎందుకు లేదు?

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది రేషన్ ఆపమన్న సలహా. ఎమర్జెన్సీలో, 1976లో, బలవంతంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. పాతికేళ్ల తర్వాత పోలియో చుక్కల మీద సంతానం పుకారు అంత తేలిగ్గా అతుక్కోవడానికి ఆ జ్ఞాపకం ఒక కారణం. ఇప్పుడు బియ్యం ఆపితే పస్తుండేది ఎవరు, మనం టీకా వేయాలనుకుంటున్న ఆ పిల్లాడే కదా? మీ వీధిలో టీకా పడని ఇల్లుంటే ఆశా కార్యకర్తకు చెప్పండి. ఆ ఇంటివాళ్లు ఎవరి మాట వింటారో, ఇమామో, పాస్టరో, పూజారిగారో, కనుక్కుని ఆమెతో పాటు ఆయన్నీ ఒకసారి ఆ ఇంటికి వెళ్లమని అడగండి.