సవరణ: తాగుడు మాన్పించే వైద్యానికి తెల్ల కార్డు తప్పనిసరి కాదు

మొన్న మా బాబాయి సంగతి రాస్తూ, ప్రభుత్వాసుపత్రి డీ-అడిక్షన్ (తాగుడు, మత్తు అలవాటు మాన్పించే) వార్డులో ఉచితంగా చేర్చుకోవాలంటే తెల్ల కార్డు ఉండాలని, లేకపోతే అది వచ్చేదాకా ఆగాలని చెప్పాను. అది తప్పు. కౌంటర్లో మాకు చెప్పిన మాటనే నేను రూలు అనుకున్నాను.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా మానసిక అనారోగ్యంగానే లెక్కిస్తుంది. దాని 18వ సెక్షన్ ప్రకారం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, చేతిలో కార్డు ఉన్నా లేకపోయినా, ప్రభుత్వ మానసిక వైద్య కేంద్రాల్లో వైద్యం ఉచితం. పెద్దవాళ్లు తమంతట తామే చేరతామంటే బంధువుల సంతకం కూడా అక్కర్లేదు, 86వ సెక్షన్ చూడండి.

కార్డు కోసం పదకొండు రోజులు తిరిగాం. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా సగం లుంగీ మీదే ఒలికేది ఆయనకి, అయినా "ఈసారి మానేస్తానురా, తీసుకెళ్లు" అని తనే అడిగేవాడు. అలా అడిగే రోజు మళ్లీ మళ్లీ రాదు.

ఇంకొకటి, కార్డు వచ్చేలోపు ఇంట్లోనే తాగుడు పూర్తిగా ఆపించండి అని రాశాను, దయచేసి అలా చేయకండి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే రెండు రోజుల్లోపే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఒళ్లు వణుకుతుంటే కాగితాలు పక్కన పెట్టి నేరుగా క్యాజువాల్టీకి వెళ్లండి. సలహాకి ఉచిత నంబరు 14446.