ఉడుంపట్టుకు పేటెంటు

యంత్రాలు, పదార్థాలకు సంబంధించిన పేటెంట్ల గురించి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజనీర్లకు ఒక గంట సేపు చెప్పమన్నారు, సరేనన్నాను, నిన్న ఉదయం బయలుదేరబోతుండగా కళ్లజోడు కుడి కాడ మధ్యకు విరిగింది, సొరుగులో సూపర్ గ్లూ గొట్టం కనిపించింది. ఇంతవరకు జరిగినదానికి నేనెవరినీ తప్పుపట్టను. ఆ తర్వాత జరిగినదాంట్లో మాత్రం సింహభాగం ఆ గొట్టం మీద అక్షరాలు అచ్చు వేయించినవారికే చెందాలని నా దృఢ విశ్వాసం. మిగిలిన భాగం ఎవరికి చెందాలో మా ఇంట్లో ఇదివరకే ఏకగ్రీవంగా తీర్మానించారు కనుక దాన్ని ఇక్కడ మళ్లీ చర్చకు పెట్టడం లేదు.

పేటెంటు చట్టాల్లో ఒక మంచి నియమం ఉంది. ఆవిష్కరణ మీద హక్కు కోరే వ్యక్తి, ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న మరో మనిషి చదివి తానుగా చేసి చూసుకోగలిగేంత స్పష్టంగా దాన్ని వివరించాలి. ఆ వివరణకు ప్రతిఫలంగానే, దరఖాస్తు పెట్టిన నాటి నుంచి సాధారణంగా 20 ఏళ్ల పాటు ఇతరులు దాన్ని తయారుచేయకుండా, అమ్మకుండా ఆపగల హక్కు అతనికి దక్కుతుంది. అంత విపులంగా లోకానికి విన్నవించుకున్న పదార్థం చివరికి గొట్టంలోకి దిగేసరికి, దాన్ని వాడే మనిషికి ఏం చెప్పాలన్న విషయంలో ఏ చట్టమూ పట్టించుకున్నట్టు లేదు. విరిగిన కళ్లజోళ్లను అతికించడానికి కూడా జనం ఈ జిగురును కొంటారన్నది తయారీదారులకు తెలియని రహస్యమేమీ కాదు. అయినా "చర్మానికి తగలనివ్వరాదు" అన్న హెచ్చరికను, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప కనబడనంత సన్నని అక్షరాలలో, గొట్టం అడుగున లోహపు రేకు మడతపడే చోట ముద్రించారు. ఆ హెచ్చరికను నేను కళ్లజోడు బాగైన తర్వాతనే చదవగలిగాను, అప్పటికి అది చరిత్ర అయిపోయింది.

విరిగిన రెండు ముక్కలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆనించి పట్టుకొని, ఒక చుక్క వేసి, కాసేపు కదలకుండా నొక్కి ఉంచాను. కాడ అతికింది. అతుకు ఎక్కడుందో కూడా తెలియనంత నేర్పుగా అతికింది. అయితే బొటనవేలు, చూపుడువేలు కూడా ఆ కాడకు అటొకటి ఇటొకటి అంతే నేర్పుగా అతుక్కున్నాయి.

ఈ విషయంలో నాకున్న పరిజ్ఞానం నాకు ఏ మాత్రమూ అక్కరకు రాలేదు కానీ, కనీసం జరుగుతున్నదేమిటో అర్థం చేసుకుంటూ బాధపడే భాగ్యం కలిగించింది. సయానోఅక్రిలేటు అనే ఈ ద్రవం గొట్టంలో ఉన్నంతసేపూ స్వల్పంగా కలిపిన ఆమ్లం వల్ల బుద్ధిగా ఉంటుంది. ఏదైనా ఉపరితలం మీది తేమ తగిలిన మరుక్షణం దాని అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని పొడవైన గొలుసులుగా మారిపోతాయి. మనిషి వేళ్లకు ఎప్పుడూ చెమట తడి ఉంటుంది. ఆలస్యమవుతుందని కంగారుపడుతున్న మనిషి వేళ్లకు మరికొంత ఎక్కువగా ఉంటుంది. కనుక ఈ జిగురు తన జీవితంలో ఎదురుచూసే అత్యుత్తమమైన ఉపరితలం విరిగిన ప్లాస్టిక్కు కాదు, దాన్ని పట్టుకున్న వేలు. గొట్టం మూతిని పాలిథిన్‌తో చేస్తారు, ఎందుకంటే దానికి ఈ జిగురు సరిగా పట్టదు. అంటే గొట్టానికి జిగురు నుంచి రక్షణ కల్పించడానికి తగినంత ఆలోచన జరిగిందన్నమాట.

పక్కనే దూది కనిపించింది. దాన్ని ముట్టుకోకపోవడం ఒక్కటే ఆ ఉదయం నేను చేసిన వివేకవంతమైన పని; దూదికి ఈ జిగురు తగిలితే చర్య ఎంత వేగంగా సాగుతుందంటే చర్మం కాలేంత వేడి పుడుతుంది. విడదీయడానికి అందరూ చెప్పే మందు అసిటోను, గోళ్ల రంగు తుడవడానికి వాడే ద్రవంలో తరచుగా ఉండేది. మా అమ్మాయి సీసా మూత తీసి సిద్ధంగా నిలబడింది కూడా. కానీ నా కళ్లజోడు ఫ్రేము సెల్యులోజ్ అసిటేటుతో చేసినది. అసిటోను దాన్ని కరిగిస్తుంది. అద్దాలు పాలీకార్బొనేటువి, అసిటోను తగిలితే వాటి మీద మసక, సన్నని పగుళ్లు వస్తాయి. వేళ్లను కాపాడుకుందామంటే కళ్లజోడు పోతుంది, కళ్లజోడును కాపాడుకుందామంటే వేళ్లు చిక్కుకొని ఉంటాయి; కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్న సామెతను పదార్థశాస్త్రం ఇంత శ్రద్ధగా ప్రయోగం చేసి నిరూపిస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. "నాన్నా, ఒకవేళ అద్దాలు లేకపోయినా ఉపన్యాసం చెప్పవచ్చు కదా" అని మా అమ్మాయి అంది. తెర మీద అక్షరాలు కనబడవని చెప్పాను. "అయితే చెయ్యి అలాగే ఉంచుకోండి" అని సీసా మూత బిగించి వెళ్లిపోయింది.

అసిటేటు ఫ్రేము విరిగితే దాన్ని అతికించడానికి అసలు సూపర్ గ్లూయే అక్కరలేదని, అదే అసిటోనును అంచులకు పూసి కాస్త మెత్తబడ్డాక నొక్కి పట్టుకుంటే రెండు ముక్కలూ కరిగి ఒకటవుతాయని, కళ్లద్దాల పని తెలిసిన ఒక మిత్రుడు రాత్రి ఫోనులో చెప్పాడు. అతడు ఆ మాట ఉదయం చెప్పి ఉండవచ్చు. ఉదయం నేను అతణ్ణి అడగలేదన్న సాకును అతడు పదేపదే ఎత్తడం నాకు నచ్చలేదు.

గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి మెల్లగా ఒలుచుకోవాలి, లాగకూడదు; దానికి ఓపిక, సమయం కావాలి; నా దగ్గర రెండూ లేవు. సభకు చేరాను. వేదిక ఎక్కే ముందు ప్రతి వక్తా, తన ప్రసంగాన్ని రికార్డు చేసుకొని వాడుకోవడానికి అనుమతినిస్తూ ఒక పత్రం మీద సంతకం పెట్టాలట. పెట్టనిదే మైకు ఇవ్వరట. మేధోసంపత్తి హక్కుల గురించి చెప్పవచ్చిన మనిషి హక్కులు ముందుగా రాయించుకోవడంలో వారి చురుకుదనం మెచ్చుకోదగినదే. కుడిచేయి ఖాళీగా లేదని చెబితే, ఏ చేయి అయినా ఫరవాలేదని నిర్వాహకుడు చిరునవ్వుతో అన్నాడు. ఆ చిరునవ్వును గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను. ఎడమచేత్తో సంతకం పెట్టాను.

ఇక వేదిక మీద నా భంగిమను కొంత వివరించాలి. కళ్లజోడు పెట్టుకుంటే తప్ప తెర కనబడదు. కళ్లజోడు పెట్టుకుంటే, దాని కుడి కాడను అంటిపెట్టుకొని ఉన్న చెయ్యి కూడా చెవి దగ్గరకు రాక తప్పదు. అందువల్ల ఆ గంట సేపూ నేను, పై షడ్జం పట్టబోతూ శ్రుతి సరిచూసుకుంటున్న గాయకుడిలా, కుడిచేతిని చెవికి ఆనించుకొని, మోచేతిని సభ వైపు చాచి, ఎడమచేత్తో పటాలు మార్చుకుంటూ నిలబడ్డాను. ఉన్నమాట చెప్పేయవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. చెప్పేవాణ్ణే, కానీ నన్ను పరిచయం చేసిన పెద్దమనిషి "అంటుకునే పదార్థాలలో విశేషమైన అనుభవం గలవారు" అని నొక్కి చెప్పి, చప్పట్లు కూడా కొట్టించాడు. ఆ వాక్యం తర్వాత నిజం చెప్పడానికి చాలా పెద్ద మనసు కావాలి.

మొదటి పటంలోనే హ్యారీ కూవర్ ఉన్నారు. 1942లో యుద్ధం కోసం తుపాకులకు పారదర్శకమైన ప్లాస్టిక్కు గురికటకాలు తయారుచేయాలని చూస్తూ కొడాక్ సంస్థలో ఆయన బృందం ఈ పదార్థాన్ని పరీక్షించింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుంటోందని విసిగి పక్కన పెట్టేసింది. 1951లో ఆయన సహచరుడు ఫ్రెడ్ జాయినర్ ఈ ద్రవం కాంతిని ఎంత వంచుతుందో కొలవడానికి ఖరీదైన రిఫ్రాక్టోమీటరు పట్టకాల మధ్య ఒక పొర పూస్తే, ఆ పట్టకాలు మళ్లీ విడిపోలేదు. మామూలు మనిషైతే పరికరం పోయిందని ఏడ్చేవాడు. కూవర్ దానిలో జిగురును చూశారు. 1956లో పేటెంటు వచ్చింది, 1958లో ఈస్ట్‌మన్ 910 పేరుతో అంగళ్లలోకి వచ్చింది. 1959లో ఒక టెలివిజన్ కార్యక్రమంలో, ఒక్క చుక్కతో అతికించిన రెండు లోహపు ముక్కల ఆధారంగా కార్యక్రమ వ్యాఖ్యాతను నేల మీంచి పైకి లేపి చూపించారు. ఇదంతా నేను చెబుతుంటే, అంతకంటే నమ్మదగిన ప్రదర్శన నా చెవి పక్కనే జరుగుతోందని సభలో ఒక్కరికీ తెలియదు.

వారికి తెలిసినది వేరే. చెవి మీద చెయ్యి పెట్టుకున్న మనిషి చెవిటివాడై ఉంటాడని ముందు వరుస నిర్ణయించింది. ఆ నిర్ణయం వెనుక వరుసల దాకా గుసగుసగా వెళ్లింది. ఎవరో దయ గలవారు లౌడ్‌స్పీకరు శబ్దం పెంచారు. నా గొంతు నాకే ఉరుములా వినబడడంతో నేను తగ్గించి మాట్లాడాను. అది విని వారు ఇంకా పెంచారు. 1849లో వాల్టర్ హంట్ ఒక్క ఇత్తడి తీగను వంచి పిన్నీసు చేసి, పేటెంటు తీసుకొని, 15 డాలర్ల బాకీ తీర్చుకోవడానికి ఆ హక్కును 400 డాలర్లకు అమ్ముకున్న సంగతి ఆ హోరులో చెప్పవలసి వచ్చింది. పిన్నీసు చిత్రాన్ని చూడగానే, విరిగిన కాడను ఉదయం దానితో బిగించుకొని ఉంటే ఏ గొడవా ఉండేది కాదన్న ఆలోచన వచ్చి కాసేపు మాట తడబడింది. ఆ మౌనాన్ని కూడా వారు నా చెవుల ఖాతాలోనే వేశారు. 

స్పెన్సర్ సిల్వర్ పటం దగ్గర మరీ కష్టమైంది. 1968లో ఆయన గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తే, తేలికగా అంటి తేలికగా ఊడిపోయే బలహీనమైన జిగురు తయారైంది. ఏళ్ల తరబడి దానికి ఉపయోగమే దొరకలేదు. చివరికి 1980లో అది పోస్ట్-ఇట్ కాగితాల వెనుక స్థిరపడింది. ఊడిపోవడమే గుణంగా గల ఆ మహత్తర పదార్థం గురించి నేను మాట్లాడినంత ఆర్ద్రంగా ఇంతవరకు ఏ వక్తా మాట్లాడి ఉండడు. ముందు వరుసలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

ప్రశ్నల సమయంలో ఒక యువకుడు లేచి, రెండు చేతులూ నోటి దగ్గర దోనెలా పట్టుకొని, "అయ్యా! ఈ జిగురును! విడదీయడానికి! ఉత్తమమైన మార్గం! ఏమిటి?" అని ఒక్కో మాటకూ ఆగుతూ అరిచాడు. నేను కూడా అదే స్థాయిలో, "సబ్బునీళ్లు! ఓపిక!" అని అరిచాను. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

సాయంత్రానికి వేళ్లు విడిపోయాయి. బొటనవేలి గీతలలో మాత్రం గట్టిపడిన పొర ఇంకా నిండి ఉంది. అద్దంలా నున్నగా మెరుస్తోంది. ఇవాళ మధ్యాహ్నం నిర్వాహకుల నుంచి ఉత్తరం వచ్చింది. అనుమతి పత్రం మీద నేను పెట్టిన సంతకం వారి వద్దనున్న నా పాత సంతకంతో సరిపోలడం లేదట. కనుక పత్రాన్ని వెంటనే మళ్లీ పూర్తిచేసి పంపాలట. చేతికి ఏదో ఇబ్బంది ఉన్నట్టు వారు గమనించారట, సంతకం కుదరకపోతే కుడి బొటనవేలి ముద్ర వేసినా చాలునట, గీతలు స్పష్టంగా పడాలట.