పాత స్పోర్ట్స్ కారు ధర పడదా? ఆ ప్రచారానికి జవాబు

కొన్నాళ్లుగా ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతున్న ఒక సలహా సారాంశం ఇది: "షేర్లు పడతాయి కానీ పాత స్పోర్ట్స్ కారు ధర పడదు. ఆ కార్లు ఇక తయారు కావు, కొనగలిగేవాళ్లేమో ఏటా పెరుగుతున్నారు. 1962లో సుమారు 18 వేల డాలర్లు పలికిన ఫెరారీ 250 జీటీవో ఇవాళ 5 కోట్ల డాలర్లు. ఒకటి కొని గ్యారేజీలో పెట్టి కవరు కప్పేయండి. లాభం మీద పన్ను ఉండదు. పైగా చరిత్రను కాపాడినవాళ్లవుతారు."

జీటీవో ధర నిజమే. 2023 నవంబరులో న్యూయార్క్ వేలంలో ఒకటి 5 కోట్ల 17 లక్షల డాలర్లకు పోయింది. ఆ ఒక్క నిజాన్ని ముందు పెట్టి, దాని వెనకాల ఇన్ని తప్పులు నడిపించారు. ఈ కార్లంటే నాకు ప్రాణం. ఈ సలహా నమ్మి కొనేవాళ్ల డబ్బూ పోతుంది, ఆ కార్లూ పాడవుతాయి. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు చెప్పాలనిపించింది.

మొదటి మాట, ధర పడదని. పడింది, అదీ ఘోరంగా పడింది. 1988 ఆగస్టులో ఫెరారీ కంపెనీ స్థాపకుడు ఎంజో ఫెరారీ చనిపోయారు. అప్పటికే పెరుగుతున్న ఫెరారీ ధరలకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. జపానులో భూములు, షేర్లు ఆకాశంలో ఉన్న కాలం అది. అక్కడి డబ్బు కూడా వేలాల్లోకి దిగింది. 1989 నాటికి జీటీవోలు కోటి డాలర్లు దాటాయి. తర్వాత వడ్డీలు పెరిగాయి, జపాను బుడగ పేలింది. 1990ల మధ్యకొచ్చేసరికి అదే జీటీవో 30 లక్షల డాలర్ల లోపే చేతులు మారింది. మొత్తం 36 మాత్రమే తయారైన కారు, ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది కోరుకునే కారు, నాలుగింట మూడు వంతులు విలువ పోగొట్టుకుంది. ఇక మామూలు ఫెరారీల సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో ఏం జరిగిందో జాగ్వార్ ఎక్స్‌జే 220 కథ చూస్తే బాగా తెలుస్తుంది. 1988 అక్టోబరులో బర్మింగ్‌హామ్ మోటార్ షోలో జాగ్వార్ ఒక నమూనా కారు చూపించింది. వీ12 (పన్నెండు సిలిండర్ల) ఇంజన్, నాలుగు చక్రాలకూ డ్రైవ్, పైకి తెరుచుకునే తలుపులు. జనం ఎగబడ్డారు. కంపెనీ 50 వేల పౌండ్ల అడ్వాన్సు అడిగితే, తయారు చేయదలచుకున్న కార్లకన్నా ఎక్కువమంది చెక్కులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో చాలామందికి ఆ కారు నడపాలన్న ఉద్దేశమే లేదు. వరసలో తమ చోటును మరొకరికి లాభానికి అమ్ముకోవాలని వచ్చారు. 1992లో కార్లు తయారై బయటికొచ్చేసరికి వీ12 పోయి రెండు టర్బోల వీ6 (ఆరు సిలిండర్లది) వచ్చింది, నాలుగు చక్రాల డ్రైవ్ వెనక చక్రాలకు తగ్గింది, ధర మొదట చెప్పినదాని మీద లక్ష పౌండ్లకు పైగా పెరిగింది. అసలు దెబ్బ అది కాదు. అప్పటికి వాళ్ల దగ్గర నుంచి కొనేవాడు లేడు. దాంతో అడ్వాన్సు కట్టినవాళ్లు ఒప్పందం నుంచి బయటపడాలని చూశారు, వ్యవహారం కోర్టులకెక్కింది. మూడు వందల లోపే కార్లు తయారు చేసి 1994లో ఆపేశారు. అమ్ముడుపోనివి ఆ తర్వాత కూడా మిగిలిపోయి, అసలు ధరలో సగానికన్నా బాగా తక్కువకు పోయాయి. గంటకు 340 కిలోమీటర్లు దాటిన కారది. ఆనాటికి దానికన్నా వేగంగా పోయే రోడ్డు కారు లేదు. కారులో లోపం ఉండి ధర పడిందనడానికి లేదు. కొన్నవాళ్లలో కారు కావలసినవాళ్లు తక్కువై పడింది.

ఇది పాత సంగతి, ఇప్పుడు అలా కాదంటారా? 2015 దాకా ఎగబాకిన ఫెరారీ డీనోలు, పాత పోర్షె 911లు ఆ తర్వాత కొన్నేళ్లు చల్లబడ్డాయి. వడ్డీ దాదాపు సున్నా ఉన్న 2021లో మళ్లీ మంట అంటుకుంది. 2023లో అమెరికాలో వడ్డీ 5 శాతం దాటేసరికి అదీ తగ్గింది. అప్పు చవకైతే ఎక్కి, ప్రియమైతే దిగే సరుకును "ఎప్పటికీ పడదు" అని అమ్మకూడదు.

"ఇక తయారు కావు" అన్నది రెండో మాట. వినడానికి తిరుగులేనిదిగా ఉంటుంది. కానీ కారు కొత్తగా పుట్టకపోయినా, ధర పెరిగితే అమ్మకానికి వచ్చే కార్లు పెరుగుతాయి. పాకల్లోంచి, మూలల్లోంచి బయటికొస్తాయి. పశ్చిమ ఫ్రాన్స్‌లో ఒక ఎస్టేటు షెడ్లలో దశాబ్దాలుగా పడి ఉన్న కార్లను 2015 ఫిబ్రవరిలో పారిస్‌లో వేలం వేశారు. మొత్తం 59. వాటిలో ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ పాత పత్రికల కట్టల కింద దొరికింది. దుమ్ము కూడా తుడవకుండా పాటకు పెడితే కోటీ 60 లక్షల యూరోలు దాటింది. అలాంటి ధర విన్నాక మిగతావాళ్లు తమ షెడ్ల తాళాలు తీయకుండా ఉంటారా?

కంపెనీలు కూడా ఊరుకోలేదు. జాగ్వార్ 1963లో లైట్‌వెయిట్ ఈ-టైప్ అనే తేలికపాటి రేసు కారు కోసం 18 ఛాసిస్ (కారు చట్రం) నంబర్లు కేటాయించి 12 కార్లే తయారు చేసింది. మిగిలిన ఆరింటినీ 2014 నుంచి, అవే నంబర్లతో, చేత్తో తయారు చేయించి అమ్మింది. 1957 ఫిబ్రవరిలో తన బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో కాలిపోయిన తొమ్మిది ఎక్స్‌కేఎస్‌ఎస్ కార్లకు బదులుగా మరో తొమ్మిది తయారు చేస్తామని 2016లో ప్రకటించింది. ఆస్టన్ మార్టిన్ కంపెనీ తన పాత డీబీ4 జీటీని మళ్లీ 25 తయారు చేసింది. ఇవి అసలు కార్లు కావని నేనూ అంటాను. కానీ "ఇక రావు" అన్న ఒక్క ఆధారం మీద లక్షలు పెట్టినవాడికి అది ఓదార్పు కాదు.

పైగా పాతదైనంత మాత్రాన అరుదైనది అయిపోదు. ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 5 లక్షలకు పైగా తయారైంది. ఈ-టైప్ 70 వేలకు పైగా. జీటీవో పేరు చెప్పి వాటిని అమ్మడం అరచేతిలో వైకుంఠం చూపించడమే.

ఇక రికార్డు ధరలు. సలహా పంపేవాళ్లు తప్పకుండా ఎత్తే ఇంకో అంకె 13 కోట్ల 50 లక్షల యూరోలు. 2022 మేలో మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హాట్ కూపే ఆ ధరకు పోయింది. ప్రపంచంలో రెండే ఉన్నాయి. రెండూ 1955 నుంచి అప్పటిదాకా కంపెనీ దగ్గరే ఉన్నాయి. స్టుట్‌గార్ట్‌లోని సొంత మ్యూజియంలో, పిలిచిన కొద్దిమంది మధ్య, స్కాలర్‌షిప్ నిధి కోసం అమ్మారు. అంతకుముందు కొని దాచుకున్నవాడెవడూ లేడు కాబట్టి లాభపడ్డ పెట్టుబడిదారు కూడా లేడు. దాన్ని చూసి మన పక్కనున్న కారు విలువ కట్టడమేంటి?

వేలం హాలులో పలికే అంకె ఎంత పెళుసుదో 2019 ఆగస్టులో అమెరికాలోని మాంటెరేలో అందరూ చూశారు. అమ్మకానికి వచ్చింది 1939 నాటి పోర్షె టైప్ 64. పాట 13 మిలియన్ డాలర్ల దగ్గర మొదలైంది. తెర మీద మాత్రం 30 అని పడింది. తర్వాత 40, 50, 60, 70. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, ఫోన్లతో వీడియోలు తీశారు. అప్పుడు వేలం వేసే వ్యక్తి ఆపి, తాను చెప్పింది 17 అన్నాడు. ఇంగ్లిష్‌లో ఆ రెండు అంకెలూ వినడానికి దగ్గరగా ఉంటాయి. తెర మీద 70 ఒక్కసారిగా 17 అయింది. హాలంతా గోల. కారు అమ్ముడుపోలేదు. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది ఆ చప్పట్లు: 70 మిలియన్లంటే నమ్మలేక అనుమానించినవాళ్లకన్నా సంబరపడ్డవాళ్లే ఎక్కువ.

"గ్యారేజీలో పెట్టి కవరు కప్పండి" అన్నది అన్నిటికన్నా హాని చేసే మాట. నిలబెట్టిన కారు చెడిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుని లోపలి సిలిండర్లకు తుప్పు పట్టిస్తుంది. పెట్రోలు కార్బురేటర్లలో ఎండి జిగురు కడుతుంది. ఇంధనం గొట్టాలు, సీళ్లు గట్టిపడి పగులుతాయి. అది తెలియక స్టార్ట్ చేస్తే వేడి ఇంజన్ మీద పెట్రోలు చిమ్ముతుంది. టైర్లు చూడ్డానికి కొత్తగానే ఉంటాయి, రబ్బరు మాత్రం రాయవుతుంది.

ఫెరారీ ఎఫ్355నే తీసుకోండి. దీనికి టైమింగ్ బెల్టులు ఉంటాయి, ఇంజన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకే లయలో కదిలేలా చూసే రబ్బరు పట్టీలివి. కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా కొన్నేళ్లకోసారి మార్చాల్సిందే, రబ్బరుకు వయసే శత్రువు. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులను గుద్దుతాయి, ఇంజన్ పోయినట్టే. ఆ బెల్టులు మార్చాలంటే వెనక భాగం విప్పి, ఇంజన్‌ను, గేర్‌బాక్సును సబ్‌ఫ్రేముతో సహా కిందికి దించాలి. ఒకసారి దించాక మెకానిక్ ఎగ్జాస్ట్ మానిఫోల్డుల పగుళ్లు చూస్తాడు, వాల్వ్ గైడ్ల అరుగుదల చూస్తాడు, టెన్షనర్ బేరింగులు మారుస్తాడు. లోపల డ్యాష్‌బోర్డు తోలు ఎండకు ముడుచుకుని అంచుల దగ్గర లేస్తుంది. స్విచ్‌ల పూత కరిగి వేలికి అంటుకుంటుంది. ఇదంతా ఒక్క కిలోమీటరు నడపని కారుకు కూడా.

ఈ ఖర్చు పాత కార్ల ధరల కదలిక చూపే సూచీల్లో ఎక్కడా కనిపించదు. లెక్క కోసం లక్ష డాలర్ల కారు అనుకుందాం. వేలంలో కొన్నవాడి మీద పడే కమీషన్ 10 శాతం, మొత్తం 1,10,000. బీమా, నిలవ ఉంచే చోటు, సర్వీసింగు కలిపి ఏడాదికి 3,000 అనుకుంటే పదేళ్లకు 30,000. పదేళ్ల తర్వాత ధర రెట్టింపైంది, 2 లక్షలు. అమ్మినవాడి కమీషన్ 10 శాతం పోగా చేతికొచ్చేది 1,80,000. పెట్టిన 1,40,000 తీసేస్తే మిగిలింది 40,000. ఏడాదికి 3 శాతం దరిదాపు. పదేళ్లలో ధర రెట్టింపైతే వచ్చే ఫలితం ఇది. సూచీ మాత్రం నూరు శాతం లాభం చూపిస్తుంది. పెద్ద రిపేరు ఒకటి తగిలితే ఆ 40,000 కూడా ఉండదు.

పన్ను మాట క్లుప్తంగా. బ్రిటన్‌లో సొంత వాడకపు కారు అమ్మితే మూలధన లాభాల పన్ను లేదు, నిజమే. కానీ వరసగా కొని అమ్ముతుంటే అది వ్యాపారమవుతుంది, ఆదాయపు పన్ను పడుతుంది. అమెరికాలో ఇలాంటి సేకరణ వస్తువుల లాభం మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉంది. ఒక దేశపు మినహాయింపును ప్రపంచమంతటికీ పంపేశారు.

చరిత్రను కాపాడటం గురించి నాకు బాధ ఎక్కువ. డబ్బు రావడం వల్ల శిథిలమైన కార్లు కొన్ని మళ్లీ రోడ్డెక్కిన మాట వాస్తవం. అదే డబ్బు ఎన్నిటినో చంపింది. ఫెరారీ 250 జీటీఈ అనే నలుగురు కూర్చునే కారు 1960-63 మధ్య తొమ్మిది వందలకు పైగా వచ్చింది. జీటీవో కుటుంబానికే చెందిన మూడు లీటర్ల వీ12 దానిలోనూ ఉంటుంది. జీటీవోలు అందనంత పైకి పోయాక, నకలు జీటీవోలు, కాలిఫోర్నియా స్పైడర్లు చేయడానికి ఈ జీటీఈలను కోశారు. ఛాసిస్ కుదించి, బాడీ తీసి పారేశారు. కుటుంబంతో ప్రయాణించడానికి ఫెరారీ పెద్దయెత్తున చేసిన తొలి కార్లలో ఒకటి అలా ముక్కలైంది. ఇప్పుడు మిగిలినవాటికి విలువ వచ్చింది, పోయినవి పోయాయి. పాత రంగు గీకేసి అద్దంలా పాలిష్ పట్టించడమూ అంతే, అమ్మకం కోసం ఆ కారు గడిచిన యాభై ఏళ్లను తుడిచేయడమే.

అసలుదా కాదా అన్న తగాదా ఇంకోటి. ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల రేసును 1929లోనూ 1930లోనూ గెలిచిన బెంట్లీ కారు 'ఓల్డ్ నంబర్ వన్'ను 1990లో కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకున్నవాళ్లు, తర్వాత అది అసలు కారే కాదని వెనక్కి తగ్గారు. లండన్ హైకోర్టు విచారించింది. 1929 నాటి భాగాలు చాలా కొద్దిగానే మిగిలాయని తేలింది. అయినా మధ్యలో తెగిపోకుండా సాగిన చరిత్ర ఉంది కాబట్టి ఆ కారు అదేనని తీర్పు వచ్చింది. కోటి పౌండ్ల విలువ ఒక న్యాయమూర్తి నిర్ణయం మీద నిలబడింది. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు సరిచూడకుండా, పాత బిల్లులు చదవకుండా కొనేవాడికి ఆపాటి రక్షణ కూడా ఉండదు.

1962 నాటి జీటీవో ధర చూపించే ఆ సలహా వింటే, అప్పుడు కొన్నవాళ్లు తెలివిగా పెట్టుబడి పెట్టారనిపిస్తుంది. వాళ్లెవరూ పెట్టుబడి పెట్టలేదు. రేసుకు కొన్నారు, రేసు అయిపోయాక వదిలించుకున్నారు. ఒకటి ఒహైయోలో ఏళ్ల తరబడి ఆరుబయట ట్రైలరు మీద ఎండకూ వానకూ పడి ఉంది.

చివరిగా, కొనేవాళ్లు ఏటా పెరుగుతారన్న నమ్మకం. మనిషి తన పదిహేనో ఏట గోడ మీద అంటించుకున్న బొమ్మనే యాభయ్యో ఏట కొంటాడు. 1950ల బ్రిటిష్ రోడ్‌స్టర్లను అలా కోరుకున్న తరం ఇప్పుడు కొనడం మాని అమ్ముతోంది. తర్వాతి తరానికి నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, టయోటా సుప్రా కావాలి. వాటి ధరల వెనకా ఒక తేదీ ఉంది: తమ రోడ్లకు తగినట్టు తయారు కాని కారును అమెరికా పాతికేళ్లు నిండాకే రానిస్తుంది. 1999లో వచ్చిన ఆర్34 రకం జీటీ-ఆర్‌కు ఆ గడువు 2024లో తీరింది. ఆ గడువు కోసం ముందే కొని పెట్టుకున్నవాళ్లందరూ ఇప్పుడు అమ్మడానికే చూస్తుంటారు.

అమ్మడం ఎలాగో ఆ సలహాలో ఒక్క ముక్క లేదు. షేరు నిమిషంలో అమ్ముడవుతుంది. ఈ కారుకు ఏడాదిలో పెద్ద వేలాలు కొన్నే. ఏడాది మొదట్లో పారిస్, ఆగస్టులో మాంటెరే, మధ్యలో మరికొన్ని. అక్కడికి చేర్చాలి, కనీస ధర చెప్పాలి. పాట ఆ ధరకు చేరకపోతే కారు వెనక్కొస్తుంది, చేరలేదన్న సంగతి మాత్రం ఆ రంగంలో అందరికీ తెలిసిపోతుంది. మరుసటి ఏడాది కొనడానికి వచ్చేవాడు ఆగిపోయిన ఆ అంకె నుంచే బేరం మొదలుపెడతాడు.