కణానికి మనోభావాలు లేవా?

దెబ్బ తగిలాక ఎలా మసలుకోవాలో జంతుకణానికి బొత్తిగా తెలియదని తీవ్ర ఆవేదనతో మనవి చేస్తున్నాను. మనకు ఒక మాట తగిలితే ముందు ఖండన, ఆనక నిరసన, ఆపైన పదేళ్లపాటు పలకరింపులు బంద్. గాయాన్ని అలా సాకాలి. కణం మాత్రం మూసేసి ఊరుకుంటుంది.

గోళ్ల కప్ప జెనోపస్ గుడ్డునే తీసుకోండి. సుమారు 1.2 మిల్లీమీటర్ల ఒకే ఒక్క కణం. దాని పైపొరకు లేజర్‌తో కన్నం పెడితే బయటి కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. లోపలికన్నా బయట అది దాదాపు 10,000 రెట్లు ఎక్కువ మరి. అలా వస్తూనే ఉంటే కణం చస్తుంది. గగ్గోలు పెట్టాల్సిన ఘట్టం ఇదే! ఈ మహాతల్లి మాత్రం చొరబడ్డ ఆ కాల్షియంచేతే కబురు పంపిస్తుంది. కబురందగానే లోపలి తిత్తులు పరుగెత్తుకొచ్చి, ఒకదానికొకటి అతుక్కుని, క్షణాల్లో మాసిక వేస్తాయి. కొన్ని కణాల్లోనైతే ఈ పనికి లైసోజోములు కూడా వస్తాయి. అంటే చెత్తను అరగదీసే సంచులు! పరువు అనేదొకటి ఉండక్కర్లేదా?

సరే, మాసిక పడింది, ఇప్పుడైనా కాసేపు కుమిలిపోవచ్చు కదా. ఊహూఁ. గాయం చుట్టూ యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులూ, వాటిని లాగే మయోసిన్ అనే మరో ప్రోటీనూ చేరి ఉంగరం కడతాయి. ఆ పని చేయించే ప్రోటీన్లు రెండు: రో, సీడీసీ42. రో లోపలి వలయంలో, సీడీసీ42 దాని వెలుపల. చాలావరకు ఒకరి హద్దులోకి ఒకరు రారు. ఒకే పని మీద ఇద్దరు మేస్త్రీలుండి మాటామాటా అనుకోకపోవడం నేనెక్కడా చూడలేదు, ఇందులో ఏదో మతలబు ఉంది. ఉంగరం సంచిమూతికి బొందు లాగినట్టు బిగుసుకుంటూ పోతుంది. కొన్ని నిమిషాల్లో గాయం మాయం. కణం రెండుగా చీలేటప్పుడు నడుం నొక్కేదీ ఇలాంటి ఉంగరమే. విడగొట్టడానికీ, మూయడానికీ ఒకటే తాడా? ఎవరి పక్షమో తేల్చుకోవద్దూ!

మన కండరాలూ ఇదే బాపతు. మెట్లు దిగేటప్పుడు సాగిసాగి వాటి కణాల పొరలు అక్కడక్కడా చిరుగుతాయి. మాసికకు కావలసిన డిస్‌ఫెర్లిన్ ప్రోటీన్ లోపించినవాళ్లకు కండరాలు క్రమంగా క్షీణిస్తాయి. అది నవ్వులాట కాదు కాబట్టి అక్కడితో ఆపుతాను.

నిన్న నేను పది అంతస్తులు దిగాను. సాయంత్రం నుంచి కాళ్లు చాపుకుని ఫోన్‌లో పరామర్శలు స్వీకరిస్తున్నాను. చిరిగిన కణాల్లో చాలావరకు నేను కింది మెట్టు చేరేలోపే మాసికలు వేసేసుకుని ఉంటాయి. నాతో ఒక్క మాటైనా అనలేదు.