టు-లెట్ బోర్డు కింద ఆత్మజ్ఞానం

ఈ మధ్య కుర్రకారులో ఒక కొత్త జబ్బు కనిపిస్తోంది. ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే "నేనెవరో తెలుసుకోవాలి" అంటూ బ్యాగు సర్దుకుని గోకర్ణమో మనాలీయో బయల్దేరుతున్నారు. డబ్బు దండగ. హైదరాబాద్‌లో ఉన్నవాడికి తానెవరో తెలుసుకునే శ్రమే అక్కర్లేదు. ఆ పని చూసిపెట్టడానికి ఇక్కడ బోలెడంత మంది ఉన్నారు, అదీ ఉచితంగా.

నమ్మకం లేకపోతే కూకట్‌పల్లిలో ఏదో ఒక టు-లెట్ బోర్డు చూసి బెల్లు కొట్టండి. ఓనర్‌గారు అద్దె ఎంతో చెప్పరు.

"బ్యాచిలరా, ఫ్యామిలీయా?"

"ఫ్యామిలీ అండీ."

"జాబ్ ఎక్కడ? ఇంట్లోంచే చేస్తారా? అయితే నీళ్ళు ఎక్కువ వాడతారే!"

తర్వాత సొంతూరు. ఆ తర్వాత ఇంటిపేరు. దాన్ని ఆయన కాసేపు నోట్లో నానబెట్టి, "ఈ ఇంటిపేరు వాళ్ళలోనూ ఉంది, వీళ్ళలోనూ ఉంది కదా" అంటారు. మీరు ఎవరన్నది మాత్రం నేరుగా అడగరు, సంస్కారం అడ్డొస్తుంది. అందుకని "నాన్‌వెజ్ తింటారా?" అని అడుగుతారు. మెట్లు దిగేలోపు మీ కులం, జీతం, మీ బావమరిది ఉద్యోగం అన్నీ తేలిపోతాయి. తేలనిది అద్దె ఒక్కటే.

పిల్లవాడి బుద్ధి ముందు మనుషుల మధ్య రూపు కట్టి, ఆ తర్వాతే వాడి లోపలికి వెళ్తుందని రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగాట్‌స్కీ చెప్పాడు. పాపం, 1934లో 37 ఏళ్ళకే క్షయతో పోయాడు. మన వాట్సాప్ చూసి ఉంటే మూడో దశ కూడా కలిపేవాడు: లోపలికి వెళ్ళిన బుద్ధి స్టేటస్‌గా మళ్ళీ బయటికొస్తుంది. తనకన్నా తెలిసినవాళ్ళు తోడుంటే పిల్లవాడు ఒంటరిగా చేయలేనిది కూడా చేస్తాడన్నది ఆయన మరో మాట. ఆ తెలిసినవాడు మా అపార్ట్‌మెంట్‌లో 302లో ఉంటాడు. మొన్న లిఫ్టులో 302 వాళ్ళమ్మగారు, ఐఐటీ ఫౌండేషన్ బ్యాగు మోస్తున్న ఆరో తరగతి పిల్లాణ్ణి ఎంతో ఆప్యాయంగా "ఇప్పుడు ఏ సెక్షన్ నాన్నా?" అని అడిగింది. వాడు జవాబు చెప్పకుండా పక్కనున్న తన తల్లి మొహం చూశాడు. సెక్షన్ మారిందనీ, మారింది పైకి కాదనీ అందరికీ అర్థమైపోయింది. వాళ్ళ అంతస్తు వచ్చేదాకా తలుపు పైన మారే అంకెల్నే చదువుతూ నిలబడ్డాం. చదువు సామాజిక ప్రక్రియ అనడానికి ఇంకేం రుజువు కావాలి?

భాష విషయంలోనూ మనం వెనకబడలేదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో విశ్వవిద్యాలయం పెట్టిన ఊరిది. ఇప్పుడు మన పిల్లాడు అమ్మతో ఇంగ్లీషు, వాచ్‌మన్‌తో హిందీ మాట్లాడి, వీడియో కాల్‌లో నానమ్మని చూసి నవ్వి ఊరుకుంటాడు. బడుల్లో పదో తరగతి దాకా తెలుగు నేర్పాల్సిందేనని 2018లో చట్టం వచ్చింది. మనం చట్టాన్ని గౌరవించేవాళ్ళం కాబట్టి పదో తరగతి దాకా ఓపిక పట్టి, ఇంటర్లో సంస్కృతం తీసుకుంటాం. ఆ భాషలో మంచినీళ్ళు అడగడం రాకపోయినా మార్కులు మాత్రం వందకి ఒకటో రెండో తగ్గుతాయి. ఆ ఒకటీ ఎక్కడ పోయిందని ఇంట్లో విచారణ కూడా జరుగుతుంది.

ఇక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట. మూడు నెలల్లో మూడేళ్ళ అనుభవం నేర్పగల చోటు మరొకటి ఉంటే చెప్పండి. కుర్రాడికి దేని మీద ఆసక్తి అన్నది హాస్టల్ రూమ్మేట్ ఏ కోర్సుకి డబ్బు కట్టాడన్న దాన్నిబట్టి తేలుతుంది. ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అంటే ఏం చెప్పాలో సెంటర్‌వాళ్ళే ఒక పేజీ రాసిస్తారు. బ్యాచ్ మొత్తానికీ ఒకటే పేజీ: చిన్నప్పట్నుంచీ టెక్నాలజీ అంటే ప్రాణం, ఒత్తిడిలో బాగా పనిచేస్తాను, బలహీనత ఏంటంటే అతి శ్రద్ధ. మాకు తెలిసిన కుర్రాడొకడు ఈమధ్య టెన్షన్‌లో రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు. అవతల స్క్రీన్ మీద ఉన్నాయన ఒక్క క్షణం చూసి, మూడో వాక్యం తానే అందించాడు. ఆయనది అదే సెంటర్, పాత బ్యాచ్.