లాగ్ సర్వరే కదా అని చిన్న వీఎమ్ ఇచ్చేవాళ్లకి

"లాగ్ సర్వరే కదా, చిన్న వీఎమ్ ఒకటి ఇచ్చేయండి, వంద జీబీ చాలు." ఫైర్‌వాల్స్ (నెట్‌వర్క్‌కి కాపలా కాసేవి) పంపే లాగ్‌లు, అంటే ఏం జరిగిందో రాసే రికార్డులు, దాచే సర్వర్‌కి వీఎమ్ (వర్చువల్ మెషీన్) అడిగితే ఇవాళ మళ్లీ ఇదే మాట. ఒళ్లు మండిపోతోంది.

లెక్క వేయండి ముందు. ఫైర్‌వాల్స్ అన్నీ కలిపి సెకనుకి వెయ్యి లాగ్‌లు, ఒక్కోటి 500 బైట్లు అనుకుంటే రోజుకి 43 జీబీ. మీ వంద జీబీ మూడో రోజుకే నిండుతుంది. 90 రోజులు ఉంచాలంటే కంప్రెస్ చేయకముందు దాదాపు 4 టీబీ. పైగా ఓఎస్, లాగ్‌లు ఒకే డిస్క్‌లో! లాగ్‌లకి వేరే వర్చువల్ డిస్క్ ఇవ్వడానికి ఏం కష్టం? ఓఎస్ ఉండే రూట్ నిండితే ఆ లాగ్‌లు చూసే సర్వీసులే ముందు పడిపోతాయి.

డిస్క్ నిండితే పోయేది లాగ్‌లే అనుకోకండి. సిస్కో ఏఎస్ఏ ఫైర్‌వాల్‌లో సిస్‌లాగ్ (లాగ్‌లు పంపే పద్ధతి) టీసీపీ మీద, అంటే అందిందో లేదో చూసుకునే కనెక్షన్ మీద పెడితే, సర్వర్ అందనప్పుడు కొత్త కనెక్షన్లు ఆపేయడమే డిఫాల్ట్. 'లాగింగ్ పర్మిట్-హోస్ట్‌డౌన్' కమాండ్ ఇవ్వకపోతే లాగ్ సర్వర్ పడుకున్నందుకు నెట్‌వర్కే ఆగుతుంది. అప్పుడు అందరూ ఫైర్‌వాల్ టీమ్ మీద పడతారు.

అందుకని అందిందో లేదో చూడని యూడీపీకి (పోర్ట్ 514) మార్చేసి హాయిగా ఉంటారు కొందరు. లైనక్స్‌లో డిఫాల్ట్ రిసీవ్ బఫర్, అంటే వచ్చిన మెసేజ్‌లు చదివేదాకా ఆగే చోటు, 212992 బైట్లు. కొన్ని వందల మెసేజ్‌లు ఒక్కసారిగా వస్తే అంతే, మిగతావి చప్పుడు లేకుండా పోతాయి. 'నెట్‌స్టాట్ -ఎస్‌యూ' కొట్టి రిసీవ్ బఫర్ ఎర్రర్స్ చూడండి. ఆ అంకె పెరుగుతుంటే కెర్నెల్‌లో ఆర్‌మెమ్ మాక్స్ (బఫర్‌కి పై పరిమితి), లాగ్‌లు అందుకునే ప్రోగ్రామ్ ఆర్‌సిస్‌లాగ్‌లో బఫర్ సైజు, రెండూ పెంచాలి. ఆర్‌మెమ్ మాక్స్ ఒక్కటే పెంచి ఊరుకుంటే లాభం లేదు.

ఇక స్నాప్‌షాట్, అంటే వీఎమ్ ఆ క్షణంలో ఎలా ఉందో అలా పట్టి ఉంచడం. ప్యాచింగ్ ముందు తీస్తారు, తీసేయడం మర్చిపోతారు. రాత్రీ పగలూ రాస్తూనే ఉండే వీఎమ్ అది, ఆ తర్వాతి మార్పులు రాసే డెల్టా ఫైల్ ఉబ్బి, వీఎమ్‌లన్నీ పంచుకునే డేటాస్టోర్ నిండితే పక్క వీఎమ్‌లూ ఆగిపోవచ్చు. స్నాప్‌షాట్ 72 గంటలు మించి ఉంచొద్దని వీఎమ్‌వేర్ ఎప్పటినుంచో చెబుతూనే ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, టైమ్ ఒక ఎత్తు. ఎన్నేళ్లుగానో ఇదే గోల! పాత సిస్‌లాగ్ ఫార్మాట్, ఆర్ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులు రాసే పత్రం) 3164లో, టైమ్‌తో పాటు ఏ ఏడాదో ఉండదు, టైమ్‌జోనూ ఉండదు. ఒక ఫైర్‌వాల్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకే టైమ్), ఇంకోటి లోకల్ టైమ్‌లో ఉంటే దాడి ఎక్కడ మొదలైందో ఎలా చెప్తారు? ఒకే కనెక్షన్ రెండు ఫైర్‌వాల్స్‌లో గంటల తేడాతో కనిపిస్తుంది. 2009 నుంచీ ఆర్ఎఫ్‌సీ 5424 ఉంది, టైమ్‌జోన్‌తో సహా పంపుతుంది. మీ ఫైర్‌వాల్‌లో ఆ ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. ఫైర్‌వాల్స్, హైపర్‌వైజర్ హోస్ట్‌లు (వీఎమ్‌లు నడిచే మెషీన్లు), కలెక్టర్ (ఆ లాగ్ సర్వర్) అన్నిటికీ గడియారం సరిచేసే ఎన్‌టీపీ సర్వర్ ఒకటే, అన్నీ యూటీసీ. అది చేశాకే డాష్‌బోర్డ్ గురించి మీటింగ్ పెట్టండి.